హన్మకొండలో ఇంటి పన్ను రెట్టింపైంది, రివిజన్ (పన్ను మళ్లీ లెక్కించుడు) ఎట్ల?

ప్రశ్న: జీ ప్లస్ వన్ సొంతిల్లు. కొత్త నోటీసులో పన్ను దాదాపు రెట్టింపు. తప్పెక్కడో ఎట్ల తెలుస్తది?

జవాబు: పన్ను వేసేది వార్షిక అద్దె విలువ మీద, అంటే ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి ఎంత వస్తదన్న అంచనా మీద. నోటీసులో ప్లింత్ ఏరియా (కట్టిన విస్తీర్ణం), జోన్ (మీ ప్రాంతానికి పెట్టిన వర్గం), కట్టడం రకం, వాడకం చూడండి. ఎక్కువ తేడా వాడకం దగ్గరే: కింద ఒక్క దుకాణం షట్టరుంటే ఒక్కోసారి ఇల్లంతా కమర్షియల్‌గా రికార్డుకెక్కుతది. టేపుతో కొలవండి, చదరపు అడుగులను 10.76తో భాగిస్తే చదరపు మీటర్లు.

జవాబు: "పన్ను ఎక్కువైంది" అని రాస్తే లాభం లేదండీ. "రికార్డులో ఇంత, కొలతలో ఇంత" అని మున్సిపల్ కమిషనర్‌కు రివిజన్ పిటిషన్ ఇవ్వండి, నోటీసులోని గడువు లోపే. ప్లాను, పాత రసీదులు, గృహ కేటగిరీ ఉన్న కరెంటు బిల్లు జతచేయండి. ముద్ర వేసిన రసీదు తీసుకోకుండా కౌంటర్ వదలొద్దు.

జవాబు: పాత బకాయి కట్టుడు ఆపకండి, వడ్డీ పడుతది. ఏప్రిల్‌లో కట్టేవాళ్లకు 5 శాతం రాయితీ ప్రకటిస్తుంటారు.