ఈ వారం సమస్య: వానలేక పూచె వాడని విరి

నిర్వాహకుడు:
ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. వాన, లేక, పూచె, వాడ: నాలుగూ హగణాలు (గురువు, లఘువు). చివరి "నివిరి" నగణం (మూడు లఘువులు). యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు) వా–వా. ఛందస్సులో చిక్కేమీ లేదు, చిక్కంతా వస్తువులోనే ఉంది. "ప్రేమ అనే పువ్వు", "కీర్తి అనే పువ్వు" అని పూరించేస్తారని తెలుసు, అందుకే ఒక షరతు పెడుతున్నాను. పద్యం 19వ శతాబ్దపు ఆడవాళ్ల స్నేహపు ఆల్బమ్ గురించే ఉండాలి.

ఇది ఫొటోల ఆల్బమ్ కాదు. తోలు అట్ట వేసిన ఖాళీ పుస్తకం కొనుక్కుని స్నేహితులకు ఇచ్చేవారు. ఒకరు పద్యం రాస్తే, ఒకరు పువ్వు బొమ్మ వేసేవారు, ఇంకొకరు నచ్చిన కవి పంక్తులు ఎత్తి రాసేవారు. మన స్కూళ్లలో చివరి రోజు తిప్పే ఆటోగ్రాఫ్ పుస్తకానికి పెద్దక్క అనుకోండి. నచ్చినవన్నీ తానే ఎత్తి రాసుకునే సంకలనపు నోటుబుక్కు వేరు, అది సొంతానికి. ఆల్బమ్ పది చేతులు మారాల్సిందే.

నా మనసులో ఉన్నది ఎమీ మటిల్డా కాసీ ఆల్బమ్. ఫిలడెల్ఫియాలో స్వేచ్ఛగా బతికిన నల్లజాతి కుటుంబం ఆవిడది. 1833 నుంచి 1856 దాకా అందులో రాతలు పడ్డాయి. ఇప్పుడు ఆ ఊళ్లోనే లైబ్రరీ కంపెనీ అనే గ్రంథాలయంలో భద్రంగా ఉంది. అందులో సారా మాప్స్ డగ్లస్ అనే టీచరమ్మ వేసిన పూల బొమ్మ ఉంది. అమెరికాలో ఒక నల్లజాతి మహిళ వేసి, మనదాకా మిగిలిన తొలి చిత్రాల్లో ఆవిడవి కొన్ని. డికర్సన్ అక్కచెల్లెళ్లు మేరీ ఆన్, మార్టినాల ఆల్బమ్‌లు కూడా అక్కడే ఉన్నాయి. వీటిలో ఏదైనా తీసుకోండి.

నెల్లూరు అక్క:
నా ప్రయత్నం.

కుంచె పట్టి చెలియ కుసుమమొక్కటి వ్రాసె
నెచ్చెలమ్మ పుటను నిండుగాను
రంగు లద్ది చూడ రమ్యమై వెలుగొందె
వానలేక పూచె వాడని విరి

రాజమండ్రి మాస్టారు:
అమ్మా, నడక హాయిగా ఉంది. యతులు కు–కు, నె–ని, ర–ర అన్నీ కుదిరాయి. సమస్యకు సూటి విడుపు కూడా ఇదే. బొమ్మ పువ్వుకి వాన అక్కర్లేదు, అది వాడదు. కానీ "నిండుగాను" పాదం నింపడానికి వచ్చింది. "రమ్యమై వెలుగొందె" ఏ పువ్వుకైనా అతుకుతుంది. ఈ చెలియ ఎవరు, ఆ నెచ్చెలి ఎవరు? పద్యంలో ఇద్దరూ ముఖం లేకుండా ఉన్నారు.

నిర్వాహకుడు:
మాస్టారితో ఏకీభవిస్తాను. ఆల్బమ్ పద్యానికి ప్రాణం "ఎవరు ఎవరికి రాశారు" అన్నదే. ఆ పుస్తకాల్లో ఎత్తి రాసిన పద్యాలు బోలెడు ఉంటాయి. అయినా కింద సంతకం పడగానే ఆ అరువు పద్యం కూడా ఆ మనిషిదే అయిపోతుంది. మన పూరణల కింద అలాంటి సంతకం ఉండదు గనక, ఆ పని పద్యమే చేయాలి.

న్యూజెర్సీ తమ్ముడు:
చెలియ, నెచ్చెలి మాటలు తీసేసి ఊరి కథ పట్టుకున్నాను, చూడండి.

సభను గాల్చినట్టి జనుల మధ్యను నిల్చి
చెలిమి మాట వ్రాసె చిన్న పుటను
నిప్పు రగుల బైట నెత్తావి యింటిలో
వానలేక పూచె వాడని విరి

నేపథ్యం చెబుతాను. ఫిలడెల్ఫియాలో బానిసత్వ వ్యతిరేకులు డబ్బు పోగుచేసి పెన్సిల్వేనియా హాల్ కట్టుకున్నారు. 1838 మే 14న తెరిచారు, 17 రాత్రికి మూక తగలబెట్టేసింది. ఆ రోజుల్లో అక్కడ జరుగుతున్నది ఆడవాళ్ల మహాసభే. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే చోట కూర్చోవడం మూకకు కంటగింపైంది. ఫైర్ వాళ్లు వచ్చి పక్క భవనాల మీద నీళ్లు కొట్టారు, హాల్‌ని మాత్రం కాలిపోనిచ్చారు. అందుకే "వానలేక" అన్న మాట నాకు అక్కడే అతికింది. అదే ఏడు ఆ రాష్ట్రపు కొత్త రాజ్యాంగం నల్లజాతి మగవాళ్ల ఓటు తీసేసింది.

నెల్లూరు అక్క:
తమ్ముడూ, ఒళ్లు జలదరించింది. ఒక సందేహం. సారా బొమ్మ 1833 ప్రాంతానిది కదా, మంట ఐదేళ్ల తర్వాతది. కాలం తప్పలేదూ?

రాజమండ్రి మాస్టారు:
తప్పలేదమ్మా. అతను "చెలిమి మాట వ్రాసె" అన్నాడు, బొమ్మ వేసిందనలేదు. ఆ పుస్తకం 1856 దాకా తిరుగుతూనే ఉంది గనక, మంట తర్వాత రాసినవాళ్ల గురించి అనుకుంటే సరిపోతుంది. "నెత్తావి" (కమ్మని వాసన) మంచి ఎంపిక. పొగ వాసన బయట, తావి లోపల. పైగా "మధ్యను నిల్చి" అన్నది ఆ ఆడవాళ్ల ధైర్యానికి సరైన మాట. సారా ఆ ఊరి మహిళా బానిసత్వ వ్యతిరేక సంఘంలో మొదటి నుంచీ ఉన్న మనిషి. పూల బొమ్మలు వేసిన చేత్తోనే ఉద్యమం పనీ చేసింది.

వరంగల్ చెల్లి:
ఇదంతా చదివాక నాకు టెన్షన్‌గా ఉంది, అయినా పెడుతున్నాను. ఆల్బమ్‌లలో స్నేహితురాలి జుట్టు పాయని అల్లి అతికించే అలవాటు ఆ కాలంలో ఉండేది కదా, దాని మీద.

కురుల పాయ దెచ్చి కుట్టగా పువ్వుగా
దూరమేగు చెలియ తోడుగాను
కనులు నిండినట్టి నీటితో తడిపినా
వానలేక పూచె వాడని విరి

రాజమండ్రి మాస్టారు:
చెల్లీ, ఊహ అందరికన్నా నీదే కొత్తది. మూడో పాదంలో యతి పోయింది. మొదటి అక్షరం "క", నాలుగో గణం "నీ"తో మొదలైంది. అర్థంలోనూ "తడిపినా" అడ్డం పడుతోంది. కన్నీళ్లతో తడిపినా వాన లేదనడం వేరు, కన్నీళ్లే వాన అయ్యాయనడం వేరు. రెండోదే నీకు కావాలి. ఇలా చూడు: "కనులు నిండినట్టి కన్నీటి తడితోనె."

న్యూజెర్సీ తమ్ముడు:
మాస్టారూ, కనులు, కన్నీరు రెండూ ఒకే పాదంలో పునరుక్తి కాదా?

వరంగల్ చెల్లి:
అయితే ఇది చూడండి.

నిండు కనుల నుండి నీరొల్కు తడితోనె
వానలేక పూచె వాడని విరి

రాజమండ్రి మాస్టారు:
ఇదీ పద్యం. ని–నీ యతి, నీరొల్కు తగణం (రెండు గురువులు, లఘువు), తడితోనె సలం (రెండు లఘువులు, గురువు, లఘువు). ఇక ముట్టుకోకు.

నిర్వాహకుడు:
నాదీ ఒకటి. కాసీ ఆల్బమ్‌లో ఫ్రెడరిక్ డగ్లస్ రాసిన పేజీ ఉంది (సారాదీ ఈయనదీ ఇంటిపేరు ఒకటే, చుట్టరికం లేదు). బానిసత్వం నుంచి తప్పించుకొచ్చి, వేలమంది ముందు గర్జించిన వక్త. అలాంటివాడు ఆల్బమ్‌లో రాయడం తన చోటు కాదనిపిస్తోందని మొహమాటంగా మొదలుపెడతాడు.

సభల నురుము వక్త జంకుతో పుట ముందు
మాట వెదకె, చెలిమి మర్మమెరిగి
గళము దించి వ్రాయ గాగితమ్మున నాడు
వానలేక పూచె వాడని విరి

నెల్లూరు అక్క:
ఉరుము ఉంది, వాన లేదు, పువ్వు వచ్చేసింది! కానీ అన్నయ్యా, నా పద్యానికి చెప్పిందే మీకూ చెబుతాను. "చెలిమి మర్మమెరిగి" ఎవరి గురించైనా అనొచ్చు. పుస్తకం ఎవరిదో ఆవిడ పద్యంలో ఎక్కడా లేదు.

నిర్వాహకుడు:
న్యాయమైన మాట. రెండో పాదం మారుస్తాను:

మాట వెదకె; నింటి మగువ నవ్వె

వరంగల్ చెల్లి:
ఎమీ నవ్విందని ఎక్కడైనా ఉందా అన్నయ్యా?

రాజమండ్రి మాస్టారు:
ఉండదమ్మా. ఆల్బమ్ ఆవిడదే అయినా లోపల రాతలన్నీ పరాయి చేతులవి. ఎవర్ని పిలిచి రాయించిందో చూసి ఆవిడ ఎలాంటిదో మనమే ఊహించుకోవాలి. అంత పెద్ద వక్త తన పుస్తకం ముందు తడబడుతుంటే ఇంటావిడ నవ్వడం సహజమే, కవికి ఆ మాత్రం చనువు ఇవ్వొచ్చు. ఎటొచ్చీ "గళము దించి" ముందు ఆ నవ్వు వచ్చింది కాబట్టి, ఆయన గొంతు తగ్గించింది ఆవిడ నవ్వు చూసేనని చదువుకోవచ్చు. పాత పాదంలో ఆ కారణం లేదు. కొత్తదే ఉంచండి.