అప్‌డేట్: ఎనిమిదో తరగతి బాబు పోలిక ప్రశ్నల్లో తడబాటు తీరింది

ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్షకు చదువుతున్న మా బాబు ‘కుమ్మరి : కుండ :: నేతగాడు : ?’ లాంటి ప్రశ్నల్లో సగం తప్పులు చేస్తున్నాడని రెండు నెలల క్రితం ఇక్కడే అడిగాను. జవాబులిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

పనిచేసింది ఒక్కటే సలహా: ఐచ్ఛికాలను చేత్తో మూసి, ముందు మొదటి జంటను వాక్యంగా చెప్పించడం. మొదటి వారం ఫలితమేమీ లేదు. ‘కుమ్మరికి కుండతో పని’ అనేవాడు. అలా అంటే నేతగాడికి మగ్గంతోనూ పనే కదా, మగ్గమే గుర్తించేవాడు! వాళ్ళ తెలుగు మాస్టారు ఆ లోపం పట్టుకున్నారు. వాక్యంలో గట్టి క్రియ ఉండాలన్నారు. ‘కుమ్మరి కుండను తయారు చేస్తాడు.’ ఇప్పుడు అదే వాక్యంలో నేతగాడిని పెడితే మగ్గం, నూలు, రాట్నం వాటంతట అవే తప్పుకున్నాయి, వస్త్రం మిగిలింది.

ఇంకో పొరపాటు, జంట తిరగబడితే గమనించకపోవడం. ‘దూడ : ఆవు’ అని పిల్లతో మొదలైతే, ‘మేకపిల్ల : మేక’ బదులు ‘మేక : మేకపిల్ల’ జంటను గుర్తించేసేవాడు. వాక్యాన్ని ఎడమ నుంచి కుడికే చెప్పాలన్న నియమంతో అదీ సర్దుకుంది.

జంతువులు-పిల్లలు, దేశాలు-రాజధానుల పట్టికలు బట్టీ పట్టించడం మాకు అక్కరకు రాలేదు. పదాలు వాడికి ముందే తెలుసు. లావుపాటి గైడు కొన్నాను, అదీ దండగే. నిన్నటి నమూనా పరీక్షలో ఈ రకం పది ప్రశ్నలకు తొమ్మిది సరిగ్గా రాశాడు.