స్థానిక సంఘాలకు సోషల్ మీడియా నేర్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న

నమస్కారం. నేను 8 ఏళ్లుగా వేర్వేరు సంస్థల ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పేజీలను నిర్వహించే ఉద్యోగంలో ఉన్నాను. ఆ అనుభవాన్ని చుట్టుపక్కల ఉన్న చిన్న సంఘాలకు ఉచితంగా పంచుదామని కిందటి నెల ఒక వయోవృద్ధుల సంఘంతో మొదలుపెట్టాను. 40 స్లయిడ్లు తయారు చేసుకుని వెళ్లి, ఏ వేళలో పోస్టు పెడితే ఎక్కువమందికి చేరుతుందో, రీల్స్ ఎలా చేయాలో, హ్యాష్‌ట్యాగులు ఎలా ఎంచుకోవాలో గంటసేపు చెప్పాను. అందరూ మర్యాదగా విన్నారు. సందేహాలేమైనా ఉన్నాయా అని అడిగితే, వెనక వరుసలోని ఒక పెద్దాయన లేచి వచ్చి, "బాబూ, గ్రూపులో వచ్చే ఫొటోలతో ఫోను నిండిపోయింది. మనవరాలి ఫొటో తీద్దామంటే చోటు లేదంటోంది. దీన్ని ఆపే మార్గం ఉందా?" అన్నారు. నేను ఆ ఫోను తీసుకుని, వాట్సాప్ సెట్టింగుల్లో ఫొటోలూ వీడియోలూ వాటంతటవే డౌన్‌లోడ్ కాకుండా ఆపి ఇచ్చేసరికి, ఆయన వెనక తొమ్మిది మంది వరస కట్టారు. మిగిలిన సమయమంతా ఆ పనికే సరిపోయింది.

ఇప్పుడు ఒక రక్తదాతల బృందం పిలిచింది. ఈసారి దేనితో మొదలుపెట్టమంటారు? తమ పేజీని నన్నే చూసుకోమని కూడా వారు అడుగుతున్నారు. ఒప్పుకోవచ్చా?

జవాబు 1

పాఠంతో కాకుండా, తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయన్న ప్రశ్నతో మొదలుపెట్టండి. నేను సాయం చేయడానికి వెళ్లిన ఒక సంఘంలో ఫేస్‌బుక్ పేజీని ఎవరో ఉత్సాహవంతుడైన కుర్రవాడు తెరిచి, ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. ఫేస్‌బుక్ పేజీకి విడిగా పాస్‌వర్డ్ అంటూ ఉండదు. దాని మీద అధికారమంతా ఎవరో ఒకరి సొంత ఖాతా ద్వారానే నడుస్తుంది కనుక, అతడు దొరక్కపోయేసరికి పాత ఫోను నంబరు, పాత చిరునామా ఉన్న ఆ పేజీని సరిదిద్దడానికి గానీ మూసివేయడానికి గానీ ఎవరి వల్లా కాలేదు. కొత్త పేజీ తెరిచినా జనం పాతదానికే సందేశాలు పంపుతూ ఉండేవారు. అందుకే నేను ముందుగా ఇద్దరు బాధ్యులతో కూర్చుని, సంఘం పేరిట ఏయే ఖాతాలున్నాయో, ఏ ఫోను నంబరుతో, ఏ ఈమెయిలుతో తెరిచారో ఒక కాగితం మీద రాయిస్తాను. పేజీ మీద పూర్తి అధికారం కనీసం ఇద్దరికి ఇప్పిస్తాను.

కొన్ని సంఘాలు పేజీ అనుకుని వ్యక్తిగత ప్రొఫైల్ తెరిచి ఉంటాయి. అక్కడ స్నేహితుల సంఖ్య 5,000 దగ్గర ఆగిపోతుంది. పైగా సంస్థ పేరుతో ప్రొఫైల్ నడపడం ఫేస్‌బుక్ నియమాలకు విరుద్ధం. ఆ మార్పు ముందే చేయించడం మంచిది.

ఆ తర్వాత వాట్సాప్‌లో రెండంచెల ధ్రువీకరణ, అంటే ఖాతాను కొత్త ఫోనులో తెరవాలంటే ఎస్సెమ్మెస్ కోడ్‌తో పాటు మనం పెట్టుకున్న పిన్ కూడా అడిగే ఏర్పాటు. తెలిసినవారి నంబరు నుంచే "పొరపాటున నా కోడ్ మీకు వచ్చింది, పంపండి" అని సందేశం వచ్చినా ఎస్సెమ్మెస్‌లో వచ్చిన 6 అంకెల కోడ్ చెప్పకూడదని, ఆ ఒక్క మాట మీద పది నిమిషాలు గడిపినా వృథా కాదు. ఒకరి ఖాతా పోతే దాని ఆసరాతో గ్రూపులోని మిగతావారికి వల వేస్తారు.

జవాబు 2

రక్తదాతల బృందం కాబట్టి ఒక ప్రత్యేకమైన చిక్కు చెబుతాను. "అత్యవసరం, రక్తం కావాలి" అన్న సందేశానికి తేదీ లేకపోతే, అవసరం తీరిన నెలల తర్వాత కూడా అది తిరుగుతూనే ఉంటుంది, రోగి బంధువులకు ఫోన్లు వస్తూనే ఉంటాయి. మొదట పంపిన సందేశాన్ని తొలగించినా, ఇతరులు ఫార్వర్డ్ చేసుకున్న ప్రతులు తొలగిపోవు. అందువల్ల ఆ రోజు బోర్డు మీద ఒకే ఒక సందేశాన్ని అందరితో కలిసి రాయించండి: రక్తం గ్రూపు, ఆసుపత్రి, తేదీ, ఏ గంట వరకు అవసరం, ఎవరికి ఫోన్ చేయాలి. అవసరం తీరగానే "దాతలు దొరికారు" అని అదే గ్రూపులో పెట్టే బాధ్యత ఎవరిదో కూడా అప్పుడే తేల్చండి. నా దృష్టిలో ఇది మీ 40 స్లయిడ్ల కంటే విలువైన పాఠం, కఠినంగా అన్నాననుకోకండి.

సాధనం ఎంపిక కూడా ముఖ్యమే. మామూలు వాట్సాప్ గ్రూపులో 1,024 మంది దాకా చేరవచ్చు కానీ, ప్రతి సభ్యుడి నంబరూ అందరికీ కనిపిస్తుంది. దాతల్లో, ముఖ్యంగా మహిళల్లో, చాలామంది దీనికి ఇష్టపడరు. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో (ఒకే సందేశాన్ని చాలామందికి విడివిడిగా పంపే ఏర్పాటు) ఆ ఇబ్బంది లేదు గానీ, పంపేవారి నంబరును తమ ఫోనులో భద్రపరచుకున్నవారికే సందేశం అందుతుంది. 2022 నవంబరులో వచ్చిన వాట్సాప్ కమ్యూనిటీల్లోని (పలు గ్రూపులను ఒకే గొడుగు కిందికి తెచ్చే ఏర్పాటు) ప్రకటనల గ్రూపు వీరికి సరిపోతుందని నా అభిప్రాయం: ప్రకటనలు అడ్మిన్లు మాత్రమే పెడతారు, నంబర్లు ముందే భద్రపరచుకోని సభ్యులకు ఒకరి నంబరు ఒకరికి కనిపించదు.

జవాబు 3

పేజీ నిర్వహణ ఒప్పుకోవద్దు. ఒప్పుకుంటే, జవాబు 1లో చెప్పిన ఆ కుర్రవాడి స్థానంలోకి రేపు మీరే వస్తారు. మొదటి రెండు మూడు నెలలు పక్కన కూర్చోండి, అంతే.

ఇంకొకటి. వాళ్ల ఫోను మీ చేతిలోకి తీసుకోకండి. మీ వేలితో నొక్కింది వారికి గుర్తుండదు. ఆ పెద్దాయన ఫోను మారిస్తే మళ్లీ మీ దగ్గరికే రావాలి. ఎంత ఆలస్యమైనా వారి వేలితోనే నొక్కించి, దారిని పెద్ద అక్షరాలతో వారి చేతే రాయించండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ ధన్యవాదాలు. ఫోను చేతిలోకి తీసుకోవద్దన్న మాట నాకు సూటిగా తగిలింది. ఆ రోజు పది ఫోన్లూ నేనే సరిచేసి ఇచ్చాను. ఈ ఉదయం రక్తదాతల బృందం కార్యదర్శిగారికి ఫోన్ చేసి, పేజీ మీద పూర్తి అధికారం ఎవరికి ఉందని అడిగాను. పాస్‌వర్డ్ మినిట్స్ పుస్తకం వెనక అట్ట మీద భద్రంగా రాసి ఉందన్నారు. అది ఎవరి ఖాతా పాస్‌వర్డ్ అని అడిగితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆదివారం నాటి సమావేశానికి ఆ పుస్తకాన్నే తీసుకురమ్మని చెప్పాను.