మంచులో ఫోర్ బై ఫోర్ వ్యాన్: నెల్లూరు నుంచి మనాలి, సిస్సు వెళ్తున్నాం, నడిపినవాళ్లు చెప్పండి

కోవూరు రైతు:

అన్నలకు నమస్కారం. మాది కోవూరు దగ్గర పల్లె. విడవలూరు వైపు రొయ్యల గుంటలు చేస్తుంటాను. అక్టోబరు, నవంబరు వానల్లో గుంటల కట్టల మీద మామూలు బండి కదలదు. మేత బస్తాలు ట్రాక్టర్‌లో తోలుకోవాల్సి వచ్చేది. అందుకని పోయినేడు ఫోర్స్ గూర్ఖా జీపు, ఐదు డోర్లది తీసుకున్నాను. ఫోర్ బై ఫోర్, అంటే ఇంజన్ బలం నాలుగు చక్రాలకూ అందే బండి. డబ్బాలాగా ఉంటుందని మా ఊళ్లో అందరూ దాన్ని వ్యాన్ అనే అంటారు, నేనూ అలాగే రాస్తాను.

మా అమ్మకు డెబ్బై ఏళ్లు. టీవీలో మంచు కనపడినప్పుడల్లా "ఒక్కసారి చేత్తో పట్టుకుంటే చాలురా" అంటుంది. ఆమె మోకాళ్లు సహకరిస్తున్నప్పుడే తీసుకుపోవాలని నా పట్టుదల. ఈసారి రొయ్యల పట్టుబడి అయిపోగానే జనవరి మొదటి వారంలో బయల్దేరుతున్నాం. అమ్మ, మేమిద్దరం, పిల్లలిద్దరు, మా బావమరిది. అద్దంకి, నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాదు, నాగ్‌పూరు, ఢిల్లీ, అక్కణ్ణించి మనాలి. దగ్గర దగ్గర రెండున్నర వేల కిలోమీటర్లు. అంతవరకు నాకు దిగుల్లేదు, నేనూ బావమరిదీ మార్చుకుంటూ నడుపుతాం. టెన్షన్ అంతా మనాలి దాటాకే. సోలంగ్ లోయ, కొండ కింద అటల్ టన్నెల్, దాని అవతల సిస్సు ఊరు. 2024 డిసెంబరు చివర్లో ఆ రోడ్డులో వెయ్యికి పైగా బళ్లు ఇరుక్కుపోయిన వీడియోలు చూసినప్పటి నుంచి మా ఆవిడ వద్దంటే వద్దంటోంది.

బురదలో నాకు చేయి తిరిగింది. మోకాలి లోతు రొచ్చులో కూడా ఫోర్ ఎల్‌లో (నాలుగు చక్రాలూ మెల్లగా, ఎక్కువ బలంతో తిరిగే గేరు) వేసి, డిఫ్ లాక్ (ఒక ఇరుసు మీది రెండు చక్రాలూ కలిసి తిరిగేలా బిగించేది) పెట్టి బయటికి తెచ్చేస్తాను. మంచు కూడా అలాంటిదే కదా అని నా ఆలోచన. అది నిజమేనా? టైర్లకు చైన్లు (ఇనుప గొలుసులు) చుట్టడం తప్పదా? బండిలో ముందుగా ఏమేం చూసుకోవాలి? నిజంగా నడిపినవాళ్లు చెప్తే మేలు.

కందుకూరు ట్రావెల్స్:

తమ్ముడూ, నేను టూరిస్టులను తీసుకుని రెండుసార్లు మనాలి వెళ్లాను. మన బండి మనాలిలో హోటల్ దగ్గరే పెట్టేసి, పైకి అక్కడి డ్రైవర్ల ఫోర్ బై ఫోర్ బండిలో పంపాను. వాళ్లకు ఏ మలుపులో నీళ్లు కారి గడ్డకడతాయో తెలుసు. మంచు బాగా పడిన రోజు ఫోర్ బై ఫోర్‌ను గానీ చైన్లు వేసిన బండిని గానీ మాత్రమే పోలీసులు పైకి వదులుతారు. ఒక్కోరోజు ఎవరినీ వదలరు. రోహ్‌తాంగ్ కనుమ చలికాలమంతా మూసే ఉంటుంది, దాని గురించి ఆలోచించకు. పెద్దావిడ ఉన్నారు కాబట్టి బండి అద్దెకు తీసుకోవడమే నా సలహా.

గిద్దలూరు ఫౌజీ:

అబ్బాయ్, నేను ఆర్మీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాను. అరుణాచల్‌లో సెలా కనుమ మీద, సుమారు 13,700 అడుగుల ఎత్తులో, రెండు చలికాలాలు ఫోర్ బై ఫోర్ అంబులెన్స్ వ్యాన్ నడిపాను. అప్పటికి అక్కడ టన్నెల్ లేదు, అది 2024 మార్చిలో తెరిచారు. ప్రతి బండీ కనుమ ఎక్కి దిగాల్సిందే. నువ్వు అడిగిన మొదటి ప్రశ్న చాలా ముఖ్యం, అందుకే వివరంగా రాస్తున్నాను.

బురద వేరు, మంచు వేరు. బురదలో యాక్సిలరేటర్ వదిలేస్తే బండి తనంతట తనే ఆగుతుంది, బురదే పట్టుకుంటుంది. మైపాడు బీచ్ ఇసుకలో అయినా అంతే. మంచులో నువ్వు వదిలేసినా అది వదలదు. ఫోర్ బై ఫోర్ నాలుగు చక్రాలకూ బలం ఇచ్చి బండిని ముందుకు తోస్తుంది, ఎక్కిస్తుంది. ఆపే దగ్గర మాత్రం నీ వ్యానూ పక్కింటి కారూ ఒకటే. అందరికీ నాలుగు చక్రాలకే బ్రేకులు. పైగా నీ బండి బరువెక్కువ. ఎక్కేటప్పుడు బండి ఇచ్చే ధైర్యం దిగేటప్పుడు ప్రాణం మీదికి తెస్తుంది.

నాకు జరిగింది చెప్తాను. ఒక సాయంత్రం నాలుగున్నరకు, కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్న జవానును వెనక పడుకోబెట్టుకుని సెలా నుంచి జంగ్ వైపు దిగుతున్నాను. ఫోర్ హెచ్‌లో (నాలుగు చక్రాలకూ బలం అందే మామూలు స్పీడు గేరు) ఉన్నాను, ఇరవై అయిదు స్పీడు. రోడ్డు మీద మంచు లేదు, తడిసిన తారులాగా నల్లగా ఉంది. కొండ నీడ పడిన మలుపు. బ్రేకు మీద కాలు పెట్టానో లేదో, స్టీరింగ్ చేతిలో దూదిలా తేలికైపోయింది. తిప్పుతున్నా బండి తిరగడం లేదు. టైర్ల చప్పుడు కూడా ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ గుర్తే. బ్రేకు వదిలేశాను. ముందు చక్రాలు మళ్లీ దొర్లడం మొదలుపెట్టాక కొండ వైపు కొద్దిగా తిప్పాను. ఆ పక్క కాలువలో పేరుకున్న మెత్తటి మంచులోకి రెండు చక్రాలు దిగి బండి ఆగింది. ఇంకో పక్క లోయ. మా ఉస్తాద్, అంటే నాకు పని నేర్పిన సీనియర్, నన్ను దిగి ఆ మలుపు నడవమన్నాడు. ఆర్మీ బూట్లతో మూడో అడుగుకే పడ్డాను. హిమాచల్ డ్రైవర్లు దాన్ని పాలా అంటారు. కంటికి కనపడని పలచటి మంచుగడ్డ. నీడ మలుపుల్లో, వంతెనల మీద, సాయంత్రం నాలుగు దాటాక, పొద్దున ఎండ పడకముందు అదే ఉంటుంది. తెల్లగా కనపడే మంచు కంటే దానికే ఎక్కువ భయపడాలి. ఆ రోజు నుంచి అనుమానం వచ్చిన ప్రతి మలుపులో బండి ఆపి, దిగి, బూటుతో రుద్ది చూసేవాణ్ణి. నువ్వూ మీ బావమరిదిని దించి ముందు నడిపించు.

ఇక డిఫ్ లాక్. నువ్వు ట్రాక్టర్ తోలినవాడివి. దమ్ములో ఒక చక్రం తిరిగిపోతుంటే లాక్ పెడల్ తొక్కుతాం, బయటపడగానే వదిలేస్తాం, తొక్కి ఉంచి మలుపు తిప్పం. ఇదీ అంతే. ఇరుక్కున్నప్పుడు బయటికి రావడానికి మాత్రమే పెట్టు. రోడ్డు పక్కకు వాలి ఉన్న చోట లాక్ పెట్టి నడిపితే రెండు చక్రాలూ ఒకేసారి పట్టు తప్పి వెనక భాగం లోయ వైపు జారుతుంది. దిగేటప్పుడు లాక్ అసలు వద్దు.

ఫోర్ హెచ్ కూడా జారే రోడ్డు మీదే. నీ బండిలో ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకే వేగంతో తిరిగేలా బిగుసుకుంటాయి. పొడి తారు మీద మలుపు తిప్పితే గేర్‌బాక్స్ మీద ఒత్తిడి పడుతుంది, స్టీరింగ్ బిగపట్టినట్టవుతుంది. అటల్ టన్నెల్ 9 కిలోమీటర్లు, లోపల మంచు పడదు. రోడ్డు పొడిగా ఉంటే టూ హెచ్‌కు (వెనక రెండు చక్రాలకే బలం) మార్చుకో, అవతల నోటి దగ్గర మళ్లీ ఫోర్ హెచ్. నాకు తెలిసి చాలామంది ఇది మర్చిపోతారు.

మంచులో బండి కదిలించేటప్పుడు రెండో గేరులో, క్లచ్ మెల్లగా వదులు. దిగేటప్పుడు బ్రేకు కాకుండా గేరుతో పట్టుకో. ఫోర్ ఎల్‌లో రెండో, మూడో గేరు చాలు. మరీ ఒకటో గేరులోకి ఒక్కసారిగా దింపితే ఇంజనే చక్రాలను బిగించేస్తుంది, దాంతోనూ జారుతుంది. ఏబీఎస్ (గట్టిగా బ్రేకేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది) పని చేసేటప్పుడు పెడల్ కాలి కింద కొట్టుకుంటుంది. కంగారుపడి కాలు తీయొద్దు. ముందు బండికీ నీకూ మధ్య మామూలుగా వదిలేదానికి పదింతల దూరం ఉంచు.

చైన్లు తప్పదు. వేస్తే నాలుగు చక్రాలకూ వెయ్యి. వెనక రెండింటికే వేస్తే దిగేటప్పుడు ముందు భాగం మాట వినదు, ముందు రెండింటికే వేస్తే వెనక భాగం తిరిగిపోతుంది. నీ టైరు 255/65 ఆర్ 18 అయితే సరిగ్గా ఆ సైజు చైన్లే కొను. ఇంటి దగ్గరే వేసి తీసి అలవాటు చేసుకో. చైన్లతో ముప్పై స్పీడు దాటకు.

ఇప్పుడు బండి. రేడియేటర్‌లో మన వైపు మెకానిక్‌లు వట్టి నీళ్లు పోసేస్తుంటారు. మన ఎండకు ఎలాగో గడిచిపోతుంది, అక్కడ రాత్రికి గడ్డకట్టి ఇంజన్ బ్లాక్ పగులుతుంది. కూలెంట్ (గడ్డకట్టనివ్వని ద్రవం), నీళ్లు సగం సగం ఉండాలి. అద్దం కడిగే నీళ్లకూ గడ్డకట్టని ద్రవం కలుపు. నెల్లూరు డీజిల్‌తో కొండ ఎక్కకు. చలికి డీజిల్‌లోని మైనం పేరుకుని ఫిల్టర్‌కు అడ్డం పడుతుంది. ట్యాంకు తగ్గించుకుంటూ పోయి హిమాచల్‌లో నింపుకో. కిరోసిన్ కలపమని ఎవరైనా చెప్తే వినకు, ఇప్పటి కాలుష్య నిబంధనలకు తగ్గట్టు చేసిన బీఎస్ 6 ఇంజన్‌కు అది విషం. రాత్రి పార్కింగులో హ్యాండ్‌బ్రేక్ లాగి వదిలేస్తే తడి గడ్డకట్టి పొద్దునకు పట్టేస్తుంది. గేరులో వేసి, చక్రాలకు రాళ్లు పెట్టు.

పిల్లలున్నారు కాబట్టి ఇది తప్పకుండా గుర్తుపెట్టుకో. మంచులో ఇరుక్కుని, హీటర్ కోసం ఇంజన్ ఆన్‌లో ఉంచితే పొగగొట్టం చుట్టూ మంచు తీసేస్తూ ఉండాలి. అది మూసుకుపోతే పొగ లోపలికి వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. 2022 జనవరిలో పాకిస్తాన్‌లోని మర్రీ దగ్గర మంచులో చిక్కుకున్న కార్లలో ఇరవై మందికి పైగా చనిపోయారు. అందులో కొందరికి ఈ పొగే కారణమన్నారు. గంటకు పది నిమిషాలు ఇంజన్ ఆన్ చేసి, ఒక కిటికీ వేలెడంత దించి ఉంచు. ఇంటి నుంచి పొడుగు కామ పార ఒకటి, నాలుగు జనపనార గోతాలు పెట్టుకో. చక్రం కింద గోతం వేస్తే చాలాసార్లు బయటపడతావు.

కావలి నుంచి మిన్నెసోటా:

ఫౌజీ బాబాయ్ చెప్పిన ప్రతి మాటా నిజం. మాకు ఇక్కడ మైనస్ ఇరవై మామూలే. నాది ఆల్ వీల్ డ్రైవ్ మినీవ్యాన్. మొదటి చలికాలం వ్యాన్‌తో వచ్చిన టైర్లతోనే నడిపాను. ఇంటి దగ్గర సిగ్నల్‌లో నడక వేగంతో వస్తూ కూడా ఆగలేక కూడలి మధ్యలోకి జారిపోయాను. వెనక సీట్లో మా పాప ఉంది. ఎదురుగా ఎవరూ రాలేదు కాబట్టి బతికాం. మర్నాడే చలికాలం టైర్లు వేయించాను. ఏడు డిగ్రీల కిందికి పోతే మామూలు టైరు రబ్బరు బిరుసెక్కి రోడ్డును పట్టుకోదు. చలికాలం టైరు పక్కన కొండ బొమ్మ, అందులో మంచు పువ్వు గుర్తు ఉంటుంది. మీరు బురదలో తిప్పే బండి కాబట్టి దానికి ఉన్నవి గట్టి గాడుల టైర్లే అయి ఉంటాయి. మెత్తటి మంచులో పర్వాలేదు, పాలా మీద అవి నమ్మదగినవి కావు. మీకు చలికాలం టైర్లు దొరకడం కష్టం కాబట్టి చైన్లే దిక్కు. టైర్లలో గాలి మరీ తగ్గించొద్దు, అది బీచ్ పద్ధతి.

కోవూరు రైతు:

అందరికీ చేతులెత్తి నమస్కారం. బాబాయ్ రాసింది మా ఆవిడకు చదివి వినిపించాను. నిన్న రేడియేటర్ చూపించాను. పోయిన సర్వీసులో ఎవరో బోరు నీళ్లు పోసేశారు. మీటరు పెడితే మైనస్ ఎనిమిది దగ్గరే గడ్డకడుతుందని చూపించింది. మొత్తం తీయించి కొత్త కూలెంట్ పోయించాను. మీరు చెప్పకపోతే నా ఇంజన్ మనాలిలోనే పోయేది.

చైన్లు వచ్చాయి. సాయంత్రం కళ్లంలో వేసి చూశాం. మొదటి చక్రానికి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది, నాలుగోదానికి పదకొండు. అమ్మ మంచం మీద కూర్చుని టార్చి పట్టింది. బాబాయ్, ఇంకొక్క ప్రశ్న. సిస్సు అంత ఎత్తులో అమ్మకు ఊపిరి ఇబ్బంది అవుతుందా?

గిద్దలూరు ఫౌజీ:

అబ్బాయ్, చైన్లు గ్లౌజులు వేసుకుని ఇంకోసారి వెయ్యి. వట్టి చేతులతో అక్కడ అయిదు నిమిషాలకే వేళ్లు పని చేయవు. సిస్సు పదివేల అడుగులు దాటుతుంది. ముందు మనాలిలో రెండు రాత్రులు పడుకోండి. అమ్మకు బీపీ, గుండె మందులుంటే బయల్దేరే ముందే డాక్టరుకు చూపించు. తలనొప్పి, ఆయాసం అంటే వెంటనే కిందికి దింపు. ఉన్ని సాక్సులు మూడు జతలు పెట్టు, తడిసినవి వెంటనే మార్చాలి. పైకి పొద్దున తొమ్మిది దాటాక బయల్దేరి, మూడింటికల్లా మనాలికి వచ్చేసెయ్యి. ఆ రోజు పోలీసులు ఆపితే వాళ్లతో వాదించొద్దు. మంచు పడిన రోజు సోలంగ్ రోడ్డు పక్కనే కావలసినంత ఉంటుంది. అక్కడే బండి ఆపి అమ్మను దించు.