‘తుపాను రాకపోతే’: ఏ తుపాను, ఎప్పటి సంగతి?

మా మేనకోడలు ఐఈఎల్టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష రాస్తోంది. నేను ఊళ్ళో పిల్లలకి ఇంగ్లీషు ట్యూషన్ చెప్తాను కాబట్టి శని, ఆదివారాలు నా దగ్గర కూర్చుంటుంది. కిందటి వారం ‘ఇఫ్’ వాక్యాల దగ్గర బండి ఆగింది. ఎప్పుడూ జరిగేదానికి జీరో, ముందు జరగగలదానికి ఫస్ట్, ఇప్పుడు లేనిదానికి సెకండ్, అప్పుడు జరగనిదానికి థర్డ్ అంటూ నాలుగు గళ్ళ పట్టిక ముందే బట్టీ పట్టేసింది. పట్టిక అప్పజెప్పమంటే గుక్క తిప్పుకోకుండా చెప్తుంది. వాక్యం చెప్పమంటే మాత్రం ‘ఇఫ్ ఇట్ విల్ రెయిన్ టుమారో’ అంటుంది.

అరుగు మీద కొబ్బరాకుల్లోంచి ఈనెలు తీసుకుంటూ వింటున్న మా నాన్న “ఏంటమ్మా ఆ గోల” అన్నారు. “షరతు వాక్యాలు తాతయ్యా, అది జరిగితే ఇది జరుగుతుంది అని” అంది. ఆయన తల కూడా ఎత్తకుండా, “ఆ తుపానే రాకపోతే మీ మావయ్య ఇంజినీరయ్యేవోడు. రాసుకో” అన్నారు.

ఏ తుపాను అని మా ఇంట్లో ఎవరూ అడగక్కర్లేదు. 1996 నవంబర్ 6 రాత్రి. కోనసీమ వాళ్ళకి చెప్పేదేముంది. నేనప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. తెల్లారి లేచి చూస్తే తోటలో నిలబడ్డ చెట్లని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కొబ్బరి మొక్క పెడితే కాపుకి రావడానికి ఆరేడేళ్ళు. ఆ లెక్కలో నేను బీయేలో తేలాను. సరే, ఆ కథ ఇక్కడెందుకు.

పిల్ల తాతయ్య మాటని ఇంగ్లీషులో పెట్టింది: ‘ఇఫ్ దట్ సైక్లోన్ డజ్ నాట్ కమ్, అంకుల్ విల్ బికమ్ ఏన్ ఇంజినీర్.’ అంటే తుపాను ఇంకా బంగాళాఖాతంలోనే ఉంది, నాకింకా ఆశ ఉంది! ఎందుకిలా చెప్పిందా అని ఆలోచిస్తుంటే ఒక సంగతి తట్టింది. అది మీ ముందు పెడదామనే ఇదంతా.

‘రాకపోతే’ అన్న మాటలో కాలం లేదు. ‘రేపు తుపాను రాకపోతే వేటకెళ్తారు’ అన్నా అదే మాట, 1996 గురించి చెప్పినా అదే మాట. పురుష లేదు, వచనం లేదు. నేనొస్తే, నువ్వొస్తే, వాళ్ళొస్తే. మరి వినేవాళ్ళకి ఏ తుపానో ఎలా తెలుస్తోంది? వాక్యం తోక వల్ల. ‘వెళ్తారు’ అంటే ఇంకా జరగాల్సినది. ‘అయ్యేవోడు’ అన్నారంటే, అవలేదు. జరిగిందా లేదా అన్న గుట్టంతా మనం చివరి క్రియలో దాచుకుంటాం. ఇంగ్లీషులో ఆ గుట్టు రెండు ముక్కల్లోనూ బయటపెట్టాలి. ఇఫ్ ముక్కలో ‘హాడ్ నాట్ కమ్’, రెండో ముక్కలో ‘వుడ్ హావ్ బికమ్’. మన పిల్లలు ఎక్కువగా ఇఫ్ ముక్కలోనే తడబడతారు. తెలుగులో అక్కడ చెప్పాల్సిందేమీ లేదు కదా మరి.

అసలు నన్ను ఆశ్చర్యపరిచింది వేరే. ఈ ‘అయ్యేవాడు’, ‘వెళ్ళేవాడు’ మనకి రెండు పనులు చేస్తాయి. ‘మా తాత వారానికోసారి లాంచీ మీద నర్సాపురం వెళ్ళేవాడు’ అంటే అలవాటు, నిజంగా వెళ్ళాడు. ‘చెప్పుంటే మా తాత వెళ్ళేవాడు’ అంటే వెళ్ళలేదు. రూపం ఒకటే. ఇప్పుడు ఇంగ్లీషు ‘వుడ్’ చూడండి. ‘ఎవ్రీ వీక్ హీ వుడ్ గో టు నర్సాపురం’ అంటే వెళ్తూ ఉండేవాడు. అదే ‘హీ వుడ్ గో’ పక్కన ఒక ఇఫ్ పెట్టండి, వెళ్ళడం లేదన్నమాట. ఈ రెండు భాషలకీ చుట్టరికం లేదు. అయినా రెండింట్లోనూ పాత అలవాటుకీ, జరగని దానికీ ఒకే మాట పనిచేస్తోంది.

ఇది తట్టాక పట్టిక పక్కన పడేశాం. “ముందు తెలుగులో చెప్పుకో. తోకలో -ఏవాడు, -ఏది, -ఏవాళ్ళు లాంటివి వస్తే ఇంగ్లీషులో వుడ్. వుడ్ వచ్చిందంటే ఇఫ్ ముక్క కాలంలో ఒక మెట్టు వెనక్కి దిగాలి” అన్నాను. ఆ పూట పదింటిలో ఎనిమిది సరిగ్గా చెప్పింది. ‘రేపు వాన పడితే’కి కూడా విల్ మానేసింది. మనం ‘పడుతుంది’ అనం కదా, ‘పడితే’ అంటాం కదా, అక్కడ భవిష్యత్తు మనకీ లేదు అంటే టక్కున పట్టుకుంది.

తప్పులుంటే చెప్పండి. వ్యాకరణం చదువుకున్నవాళ్ళు ఈ గుంపులో చాలామంది ఉన్నారు.

భీమవరం నుంచి ఒక టీచరు:
బడిలో మేం ‘ఇఫ్ అంటే ఒకవేళ’ అని రాయిస్తాం. తప్పు అక్కడే మొదలవుతోందేమో అనిపిస్తోంది మీది చదివాక. ‘ఒకవేళ వాన పడితే’లోంచి ‘ఒకవేళ’ తీసేయండి, అర్థానికి ఏమీ కాదు. దాన్ని ఉంచి ‘-తే’ తీసేయండి, ‘ఒకవేళ వాన పడుతుంది’ అని తెగిపోతుంది. ఇఫ్‌కి మన సాటి విడి మాట కాదండి, క్రియకి అంటుకున్న ప్రత్యయం. పిల్లలు మాటకి మాట వెతుకుతారు. ఇఫ్‌కి ‘ఒకవేళ’ సరిపోయిందనుకుని, మిగిలిపోయిన ‘రేపు పడితే’ని ఏం చెయ్యాలో తెలీక విల్ తగిలిస్తారు.

నేను:
ఇది నాకు తట్టలేదండి. రేపటి నుంచి ట్యూషన్లో ‘ఒకవేళ’ బంద్.

రాజమండ్రి నుంచి ఒక పెద్దాయన:
మీరు తోక అంటున్నారు గానీ, తలకి కూడా పేరుంది. ఈ -తే రూపాన్ని మన వ్యాకరణంలో చేదర్థకం అంటారు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో చూడొచ్చు. సంస్కృతంలో ‘చేత్’ అంటే ‘అయినట్లయితే’ అని. ఆ అర్థం ఇచ్చేది కాబట్టి చేదర్థకం. దాని తోబుట్టువు అప్యర్థకం, ‘అపి’ అర్థం ఇచ్చేది: వచ్చినా, చెప్పినా, రాకపోయినా. మీ ఇంగ్లీషులో ‘ఈవెన్ ఇఫ్’. గ్రాంథికంలో ‘వచ్చినన్’, ‘వచ్చినచో’, ‘వచ్చినయెడల’ ఉన్నాయి. చివరిది ఇంకా నోటీసుల్లో బతికే ఉంది. ‘గడువులోగా చెల్లించని యెడల’ అని చదవగానే గుండెల్లో రాయి పడుతుంది. ‘కట్టకపోతే’ అంటే ఎవరూ లెక్కచెయ్యరు.

ఒక సవరణ. -తేకి కాలం, పురుష లేవన్నారు, నిజమే. కానీ తెలుగుకే అవి చేతకావనుకోకండి. పాత తెలుగులో పూర్తి క్రియకే ‘ఏని’ చేర్చి షరతు చెప్పేవారు: వచ్చితివేని, కలదేని. ‘వచ్చితివి’లో నువ్వూ ఉన్నావు, భూతకాలమూ ఉంది. ఇంగ్లీషు ఇఫ్ ముక్కకి అది దగ్గర. మనం దాన్ని వదిలేసి తేలికైన -తేని ఉంచుకున్నాం.

పాలకొల్లు నుంచి ఒకరు:
మాస్టారూ, ‘తెల్లారి లేచి చూస్తే’ అని మీరే రాశారు. అక్కడ షరతేదండి? లేచారు, చూశారు. దాన్ని ఇఫ్‌తో పెడితే మీరు లేచారో లేదో అని అనుమానం వస్తుంది. అక్కడ ‘వెన్’ కావాలి. మా వాడు ఇంటర్వ్యూలో ‘మీరు పిలిస్తే వచ్చాను’ అని మనసులో అనుకుని ‘ఇఫ్ యు కాల్, ఐ కేమ్’ అనేశాడట. అక్కడ కావాల్సింది ‘బికాజ్’. తోకలో ‘వచ్చాను’, ‘చూశాను’, ‘కనబడింది’ లాంటి జరిగిపోయిన క్రియ ఉంటే ఇఫ్ జోలికే వెళ్ళకూడదని నా లెక్క.

నేను:
దొరికిపోయాను. రాసేటప్పుడు చూసుకోలేదు. మీ లెక్క నోట్సులో ఎక్కిస్తున్నాను.

తణుకు నుంచి ఒకరు:
మీ సూత్రం బాగుంది గానీ ‘అత్తకి మీసాలొస్తే మామ అంటారు’ సంగతేంటి? మీసాలు రావు. తోక మాత్రం ‘అంటారు’. మీ ప్రకారం ఇది విల్ కావాలి. ఇంగ్లీషులో వుడ్ పెట్టక తప్పదు. ‘కోటి రూపాయలొస్తే ఏం చేస్తావ్?’ కూడా అంతే. లాటరీ టికెట్ కొన్నవాణ్ణి అడిగితే విల్, ఊరికే కబుర్లకి అడిగితే వుడ్. తెలుగులో రెంటికీ ‘చేస్తావ్’. ఇంకోటి, ‘డబ్బుంటే కొనేవాణ్ణి’ అన్నాననుకోండి. ఇప్పుడు లేవా, అప్పుడు లేవా? సెకండా, థర్డా? మీ తోక చెప్పదు.

నేను:
గట్టుకి గండి కొట్టేశారు. పూడ్చినంత పూడుస్తాను. -ఏవాడు ఉంటే, అది అలవాటు సంగతి కాకపోతే, వుడ్ ఖాయం. -తాడు ఉన్నంత మాత్రాన విల్ ఖాయం కాదు. అక్కడ ఇది కుదిరే సంగతేనా అని ఒకసారి అడుక్కోవాలి. మీసాలు కుదరవు కాబట్టి వుడ్.

మీ రెండో ప్రశ్న ఇంకా గట్టిది. ‘డబ్బుంటే కొనేవాణ్ణి’ ఇప్పటి మాటైతే ‘ఇఫ్ ఐ హాడ్ మనీ, ఐ వుడ్ బై ఇట్.’ పోయిన సంక్రాంతి మాటైతే ‘ఇఫ్ ఐ హాడ్ హాడ్ మనీ, ఐ వుడ్ హావ్ బాట్ ఇట్.’ ‘హాడ్ హాడ్’ చూసి మా పిల్ల అచ్చుతప్పనుకుంది. తెలుగులోనూ విడదీసి ‘డబ్బు ఉండి ఉంటే’ అనొచ్చు. చెప్పుంటే, వచ్చుంటే అని రోజూ అంటాం కూడా. కానీ సందర్భం తెలిసినప్పుడు అంత దూరం వెళ్ళం. మా నాన్న ‘రాకపోయుంటే’ అనలేదు చూడండి.

ఆయనే తర్వాత ఇంకో మాటన్నారు: “ఆ తుపాను రాకపోతే ఇయ్యాళ నువ్విలా అరుగు మీద కూచునేవోడివా?” తుపాను అప్పటిది, అరుగు ఇప్పటిది. ‘ఇఫ్ ద సైక్లోన్ హాడ్ నాట్ కమ్, యు వుడ్ నాట్ బి సిట్టింగ్ హియర్ నౌ.’ నాలుగు గళ్ళ పట్టికలో దీనికి చోటే లేదు.

ధవళేశ్వరం నుంచి ఒకరు:
జీరోకీ ఫస్టుకీ తేడా కావాలంటే మా బ్యారేజీ దగ్గరకి పంపండి. నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఏ ఏడాది వరదకైనా అంతే. కాబట్టి ఇంగ్లీషులో రెండు పక్కలా మామూలు వర్తమానం, ‘ఇఫ్ ద లెవెల్ రీచెస్’, ‘దే ఇష్యూ’. అదే ‘ఈ రాత్రి మూడోది వస్తే లంకల్లో వాళ్ళని తరలిస్తారు’ అంటే ఒక్క ఈ రాత్రి సంగతి, ‘దే విల్ మూవ్’. ఇక థర్డుకి కాటన్ దొర ఉండనే ఉన్నాడు. 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేయించాడు. ‘కాటన్ ఆనకట్ట కట్టకపోతే’ అని ఒక్కసారైనా అనని మనిషి ఈ డెల్టాలో ఉంటాడా? ఆ వాక్యానికి ‘ఏమయ్యేవాళ్ళం’ తప్ప ఇంకో తోక అతకదు.

వరంగల్ నుంచి ఒకరు:
మేం రాకుంటే, లేకుంటే అంటం. మిగతాదంతా సేమ్.

కాకినాడ నుంచి ఒక సభ్యురాలు:
వుడ్, -ఏవాడు కవలలని పిల్లలకి నూరిపోసే ముందు ఒక్క మాట. ‘అక్కడ ఒక రేవు ఉండేది’ అనేదాన్ని వుడ్‌తో చెప్పకూడదు. ‘యూజ్డ్ టు బి’ అనాలి. పాత అలవాటు చెప్పే వుడ్ పదే పదే చేసిన పనులకే సరిపోతుంది, ఉండటం, తెలియటం లాంటి వాటికి కుదరదు. మన -ఏదికి ఆ పేచీ లేదు. ఇంకా ‘అన్‌లెస్’ దగ్గర కూడా జాగ్రత్త. ‘అడగనిదే అమ్మైనా పెట్టదు’లో ‘అడగనిదే’ అంటే అన్‌లెస్ యు ఆస్క్. మన మాటలో ‘అడగని’ అనే లేమి కనిపిస్తుంది కాబట్టి పిల్లలు ‘అన్‌లెస్ యు డోంట్ ఆస్క్’ అంటారు. అప్పుడు అడిగినవాడికి పెట్టదని అర్థం వస్తుంది పాపం అమ్మ.

నేను:
రేవు సంగతి నిజం, ఒప్పుకుంటున్నాను. కవలలు కాదు, వేలు విడిచిన చుట్టాలు అందాం. అన్‌లెస్ మీద మీరు విడిగా రాయాలి.

ఆచంట నుంచి ఒకరు:
‘ఇఫ్ ఐ వర్ యు’ని ‘నేనే నువ్వయితే’ అని తెలుగు చేస్తున్నారు ఈమధ్య. ‘నేనైతే ఈ రేటుకి ధాన్యం అమ్మను’ అని మనకి ఉండగా ఎందుకండీ ఆ మెలిక? ‘నేనైతే’లో అంతా వచ్చేసింది. ఇంతకీ ‘బాగుణ్ణు’ని ఏ గడిలో పెడతారు?

నేను:
ఇఫ్ గడుల్లో కాదు, ‘ఐ విష్’లో. ‘ఈ వాన తగ్గితే బాగుణ్ణు’ అంటే ఐ విష్ ఇట్ వుడ్ స్టాప్. ‘ఇప్పుడు అమ్మ ఇక్కడుంటే బాగుణ్ణు’ అంటే ఐ విష్ షీ వర్ హియర్. ‘నిన్న వచ్చుంటే బాగుండేది’ అంటే ఐ విష్ యు హాడ్ కమ్. ఇక్కడ కూడా ఇంగ్లీషు ఒక్కో మెట్టు వెనక్కి దిగుతోంది. ‘నేనైతే’ రేపే చెప్తాను పిల్లకి.

పాలకొల్లు నుంచి మళ్ళీ:
అదంతా సరే మాస్టారూ. నాన్నగారు ఇంజినీరయ్యేవాడివి అన్నప్పుడు మీరేమన్నారు?

నేను:
ఏమంటానండి. “తుపాను రాకపోతే మాత్రం నాకు సీటొచ్చేదా?” అన్నాను. “రాకపోయినా పేమెంటు సీటు కొని చేర్చేవోణ్ణి” అన్నారు, ఈనెల మీంచి చూపు తిప్పకుండా. రాజమండ్రి వారు చెప్పిన అప్యర్థకం ఇదే అనుకుంటా. పిల్ల ఇంకా దాన్ని ఇంగ్లీషులో పెట్టే పనిలోనే ఉంది.