నడక టెస్టులో పాసైనవాళ్లే ఎందుకు పడుతున్నారు?

కనిగిరి_సీహెచ్‌ఓ:
మా విలేజ్ హెల్త్ క్లినిక్‌లో 65 దాటినవాళ్లకు టగ్ (టైమ్డ్ అప్ అండ్ గో) టెస్టు చేస్తున్నాం. కుర్చీలోంచి లేచి 3 మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు, ఆపైన పడితే రిస్క్ అని రాసుకుంటున్నాం. చిక్కేందంటే, 10, 11లో ముగించినవాళ్లు ఇంట్లో పడుతున్నారు, 16 తీసుకున్న అవ్వలు కొందరు నిక్షేపంగా ఉన్నారు. టెస్టు తప్పా, మా పద్ధతి తప్పా? బ్యాలెన్స్ విడిగా చూడాలా? మా దగ్గర స్టాప్‌వాచ్, టేపు, బీపీ మిషను తప్ప ఏమీ లేవు. పైగా ఈ వైపు ఫ్లోరైడ్ నీళ్లకు నడుము పట్టేసినవాళ్లున్నారు. వాళ్లకీ ఇదే లెక్కా?

ఒంగోలు_ఫిజియో:
టెస్టు తప్పు కాదండీ, దాన్నుంచి మీరు ఎక్కువ ఆశిస్తున్నారు. టైమ్ ఎక్కువ వస్తే జాగ్రత్తపడాల్సిందే. తక్కువ వచ్చిందని మాత్రం నిశ్చింతగా ఉండలేం. పెద్దవాళ్లు పడిపోవడం గురించిన 2022 అంతర్జాతీయ మార్గదర్శకాలు ముందు మూడు ప్రశ్నలు అడగమన్నాయి: ఏడాదిలో పడ్డారా, నిలబడ్డప్పుడు గానీ నడిచేటప్పుడు గానీ తూలినట్టుందా, పడతామని భయమా. అవునన్నవాళ్లకు నడక వేగం చూడాలి. సెకనుకు 0.8 మీటరు లేదా తక్కువైతే అనుమానించాలి. టగ్‌కైతే వాళ్ల హద్దు గీత 15 సెకన్లు. మీరు వాడే 12 అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీది. ఏదో ఒకటి పట్టుకుని అందరికీ అదే వాడండి. ‘పడ్డారా’ అంటే చాలామంది లేదంటారు. ‘కాలు జారిందా, తట్టుకుని కూలబడ్డారా’ అనడిగితే నిజం బయటికొస్తుంది.

వేగానికి నేల మీద 6 మీటర్లు గీసి, మొదటి మీటరూ చివరి మీటరూ వదిలేసి మధ్య 4 మీటర్లకే వాచ్ నొక్కండి. 5 సెకన్లు, ఆపైన పడితే 0.8కి దిగినట్టే. ‘బజారుకు పోయేటట్టు నడవండి’ అని చెప్పండి. పక్కనుంచి మనవడు ‘బిరబిరా నడువు అవ్వా’ అంటే ఆ కొలత పనికిరాదు. టగ్‌కు చేతులున్న కుర్చీ, సీటు ఎత్తు 46 సెంటీమీటర్లు ఉండాలి. ప్లాస్టిక్ కుర్చీ వెనక్కి జరుగుతుంది, గోడకు ఆనించండి. రోజూ వేసుకునే చెప్పులతోనే, చేతికర్ర ఉంటే దాంతోనే నడిపించండి.

సెకన్లు రాసుకునే హడావిడిలో అసలు చూడాల్సింది తప్పిపోతుంది. తిరిగేటప్పుడు తలా ఒళ్లూ ఒకే ముద్దగా, చిన్నచిన్న అడుగులతో తిరుగుతున్నారా? కూర్చునేటప్పుడు తమ పిక్కలకు కుర్చీ తగలకముందే కూలబడుతున్నారా? తర్వాత ఇంకోసారి నడిపిస్తూ ఫాల్గుణం నుంచి వెనక్కి నెలల పేర్లు చెప్పించండి. జవాబు కోసం ఆగిపోతే ధ్యాసంతా నడకకే ఖర్చవుతున్నట్టు. ఇంట్లో చెంబు పట్టుకుని, ఎవరితోనో మాట్లాడుతూ నడుస్తారు కదా, తేడా అక్కడ తెలుస్తుంది.

బ్యాలెన్స్ తప్పకుండా విడిగా చూడండి. పాదాలు పక్కపక్కన, తర్వాత సగం ముందుకు, తర్వాత మడమకు వేళ్లు ఆనించి ఒకే గీత మీద, చివరికి ఒంటి కాలు. ఒక్కోటి 10 సెకన్లు. మూడోది నిలవలేకపోతే రిస్క్ ఉన్నట్టే. మీరు పక్కనే చేయి అందేంత దూరంలో నిలబడాలి.

ఇంకో మాట, వేగంగా నడిచేవాళ్లకు ప్రమాదం లేదనుకోవద్దు. వాళ్లు బయట, రోడ్డు మీద పడతారు. నెమ్మదివాళ్లు ఇంట్లో, ఎక్కువగా పక్కకు పడతారు. తుంటి ఎక్కువగా విరిగేది అలా పక్కకు పడ్డప్పుడే.

నెల్లూరు_ఫిజీషియన్:
పై టెస్టులన్నీ వెలుతురులో, సమంగా ఉన్న నేల మీద చేసేవి. పడేది మాత్రం తెల్లవారుజామున చీకట్లో బాత్‌రూమ్‌కు లేచినప్పుడు. అందుకని బీపీ మిషను ఉపయోగించండి. 5 నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి 1వ నిమిషం, 3వ నిమిషం చూడండి. పైది 20 గానీ కిందిది 10 గానీ తగ్గితే రాసుకుని పంపండి. ప్రోస్టేటుకు టామ్సులోసిన్, నిద్రకు ఆల్‌ప్రజోలామ్, క్లోనజిపామ్, షుగరుకు గ్లిమెపిరైడ్, వీటిలో ఏది వాడుతున్నా చీటీ మీద రాయండి. నిద్రమాత్రలు మీరే ఒక్కసారిగా ఆపించొద్దు, అది వేరే ప్రమాదం.

రెండోది, ‘ముఖం కడుక్కునేటప్పుడు తూలుతుందా?’ అని అడగండి. కళ్లు మూయగానే తూలారంటే పాదాల నుంచి సమాచారం సరిగా రావట్లేదని, అంతదాకా కళ్లే కాపాడుతున్నాయని అర్థం. షుగరు వల్ల నరాలు దెబ్బతినడం, బి12 లోపం ముందుగా చూడాలి. ఇలాంటివాళ్లు పగలు టగ్ 10 సెకన్లలో చేసేస్తారు. మీ ప్రశ్నకు సగం జవాబు ఇదే.

ఫ్లోరోసిస్ గురించి: మెడ, వెన్ను బిగుసుకుంటే కిందికి చూడలేరు, తూలినప్పుడు ఒళ్లు సర్దుకోలేరు. టగ్‌లో టైమ్ ఎక్కువే వస్తుంది, ఆ 12, 15 సెకన్ల గీత వాళ్లకు పెద్దగా ఉపయోగపడదు. ఆర్నెల్ల కిందటి వాళ్ల టైముతోనే పోల్చండి. కాళ్లు కర్రల్లా బిగుసుకుని కత్తెరలా అడ్డం పడుతుంటే, మూత్రం ఆపుకోలేకపోతుంటే వెన్నుపాము నొక్కుకుంటోందేమో. అది వ్యాయామాలతో పోయేది కాదు, వెంటనే న్యూరో డాక్టరు దగ్గరికి పంపాలి.

కనిగిరి_సీహెచ్‌ఓ:
ధన్యవాదాలు సార్. ముఖం కడుక్కునే ప్రశ్న మా ఫారంలో లేదు, కలుపుతాను. మరి కర్ర ఇవ్వాలా? ఇంట్లో ఏం మార్చమనాలి?

కావలి_హోమ్‌కేర్‌_నర్సు:
భుజం దాకా వచ్చే వెదురుకర్ర పట్టుకుంటే చేయి పైకిపోయి బరువు మోయదు. చెప్పులేసుకుని నిలబడి చేతులు వేలాడేస్తే మణికట్టు మడత ఎంత ఎత్తులో ఉందో అక్కడికి కర్ర పిడి రావాలి. నొప్పి ఉన్న మోకాలికి ఎదురు చేతిలో పట్టాలి. ఎక్కువమంది నొప్పి వైపే పట్టుకుంటారు, చూపించి సరిచేయండి. కింద రబ్బరు బుష్ అరిగి నున్నగా అయితే తడి టైల్ మీద కర్రే జారుతుంది, మార్చాలి.

ఇంట్లో గడప కన్నా చిన్న ఎత్తుతేడాలే ఎక్కువ ముంచుతాయి. నడిచేటప్పుడు కాలివేళ్లు నేలనుంచి లేచేది 1, 2 సెంటీమీటర్లే. గడప కనపడుతుంది, కాలెత్తుతారు. పైకి లేచిన కడపబండ అంచు, మడతపడ్డ పట్టా కనపడవు. వదులు హవాయి చెప్పులు, నేల మీద జీరాడే చీర కుచ్చిళ్లు, పంచె అంచు కూడా చూసుకోవాలి. బాత్‌రూమ్‌లో తువ్వాలు వేసే రాడ్డు పట్టుకుంటారు, అది ఊడొస్తుంది. గోడలోకి బోల్టు దిగిన స్టీలు పిడి పెట్టించండి.

ఒంగోలు_ఫిజియో:
నడక ఒక్కటే చెప్పి పంపొద్దు, దాంతో బ్యాలెన్స్ పెరగదు. వంటగట్టు పట్టుకుని మడమలు లేపడం 10, వేళ్లు లేపడం 10, కుర్చీలోంచి చేతులు వాడకుండా లేవడం 10, మడమ-వేళ్ల గీత మీద నిలబడటం. రోజు విడిచి రోజు, వారానికి మూడుసార్లు. తేలికైతే గట్టు మీద రెండు చేతుల బదులు ఒక చేయి, తర్వాత రెండు వేళ్లు. కాళ్లకు బరువు కావాలంటే గుడ్డసంచిలో అరకిలో ఇసుక పోసి చీలమండకు కట్టండి. ఫ్లోరోసిస్‌వాళ్లకు బరువులొద్దు, డాక్టరు చూశాకే.