టీఎస్‌హెచ్ 11.8 వచ్చింది. అంటే అమ్మకి థైరాయిడ్ ఎక్కువైనట్టేనా?

సిరి_తెనాలి:

అమ్మకి 56 ఏళ్లు. కొన్నేళ్లుగా పొద్దున్నే థైరాక్సిన్ 50 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటోంది. పోయినసారి టీఎస్‌హెచ్ 3 దగ్గర ఉంది, ఇప్పుడు 11.8 వచ్చింది. పక్కన నార్మల్ 0.4 నుంచి 4.0 అని రాసుంది. ఫ్రీ టీ4 మాత్రం నార్మల్‌లోనే ఉంది, కాకపోతే బాగా కింది అంచున. డాక్టరు గారు మాత్ర 75కి పెంచారు. అమ్మకేమో భయం పట్టుకుంది. "థైరాయిడ్ ఇప్పటికే మూడింతలు ఉందంటే మళ్లీ థైరాయిడ్ మందే పెంచుతారేంటే?" అని అసలు మాత్రే మానేస్తానంటోంది. ఓపీలో రద్దీ, వివరంగా అడగలేకపోయాను.

మనిషి బాగా నీరసపడింది. ఈ ఎండల్లో కూడా ఫ్యాన్ ఆపేయమంటోంది, గొంతు బొంగురుపోయింది. కొలెస్ట్రాల్ కూడా పెరిగిందట. ఈమధ్యే మోకాళ్ల నొప్పులకి కాల్షియం మాత్రలు మొదలుపెట్టారు. అమ్మకి అర్థమయ్యేలా ఎలా చెప్పాలో ఎవరైనా చెప్పండి ప్లీజ్.

ల్యాబ్_బాబాయ్:

అమ్మా సిరీ, ముందు మాత్ర మాననివ్వకు. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

నేను గుంటూరులో ల్యాబ్ టెక్నీషియన్‌ని. రిపోర్టు కవరు కౌంటరు దగ్గరే చింపి చూసి, మీ అమ్మగారు అడిగిన ప్రశ్నే అడిగేవాళ్లు రోజూ కనబడతారు. వాళ్లలో కొందరు నిజంగానే మాత్ర మానేసి, కొన్ని నెలల తర్వాత ముఖం ఉబ్బి, అడుగు తీసి అడుగు వేయలేక వస్తారు. అందుకే ఇంత పెద్ద జవాబు రాస్తున్నాను.

ఆ 11.8 థైరాయిడ్ గ్రంథి తయారుచేసినది కాదు. మెదడు అడుగున శనగగింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. టీఎస్‌హెచ్ అక్కడ పుడుతుంది. రక్తంలో థైరాయిడ్ హార్మోన్ ఎంత ఉందో పిట్యూటరీ ఎప్పటికప్పుడు గమనిస్తూ ఉంటుంది. తగ్గిందనుకో, గొంతు దగ్గరున్న థైరాయిడ్‌కి "ఇంకా చెయ్యి, ఇంకా చెయ్యి" అని టీఎస్‌హెచ్ పంపుతుంది. సరిపడా ఉంటే తనే తగ్గిస్తుంది. ఇల్లు కట్టేచోట చూడు, పని సాగనప్పుడే మేస్త్రీ కేకలు ఎక్కువ వినబడతాయి. మీ అమ్మగారి రిపోర్టులో ఉన్నది కేక. పని తగ్గింది కాబట్టే కేక పెరిగింది. డాక్టరు గారు మందు పెంచింది అందుకే.

"మూడింతలు" అన్న మాటకీ జవాబు చెప్పాలి. పిట్యూటరీ మహా సున్నితమైనది. ఫ్రీ టీ4, అంటే రక్తంలో విడిగా తిరిగే థైరాయిడ్ హార్మోన్, సగానికి పడిపోతే టీఎస్‌హెచ్ సుమారు వంద రెట్లు పెరగగలదు. అందుకే ఫ్రీ టీ4 ఇంకా నార్మల్ గీత లోపలే ఉన్నా టీఎస్‌హెచ్ 11 దాటింది. జబ్బు మూడింతలైందని దానర్థం కాదు, కంగారు పడొద్దని చెప్పు.

చలి, నీరసం, బొంగురు గొంతు అన్నీ దీనివల్లే కావచ్చు. కొలెస్ట్రాల్ కూడా. థైరాయిడ్ హార్మోన్ తగ్గితే రక్తంలోని చెడు కొలెస్ట్రాల్‌ని కాలేయం లాగేసుకోవడం మందగిస్తుంది. కాబట్టి టీఎస్‌హెచ్ దారికొచ్చాక కొలెస్ట్రాల్ మళ్లీ ఒకసారి చూపించండి.

ఇక నాకు అనుమానం కాల్షియం మీద. థైరాక్సిన్, కాల్షియం ఒకేసారి కడుపులోకి వెళితే పేగుల్లోనే అంటుకుపోతాయి, థైరాక్సిన్ పూర్తిగా రక్తంలోకి ఎక్కదు. ఐరన్ మాత్రలూ అంతే. మధ్యలో కనీసం 4 గంటల తేడా ఉండాలి. అమ్మ ఏది ఎప్పుడు వేసుకుంటోంది? కాఫీ ఎప్పుడు తాగుతోంది?

సిరి_తెనాలి:

బాబాయ్ గారూ, మేస్త్రీ మాట అమ్మకి వెంటనే తలకెక్కింది! మాత్ర మాననని ఒప్పుకుంది. మీ అనుమానం నిజమే. లేవగానే రెండు మాత్రలూ ఒకే గుక్కలో మింగి, వెంటనే ఫిల్టర్ కాఫీ తాగుతోందట. "పొద్దున్నే అన్నీ అయిపోతే మర్చిపోను కదా" అంటోంది. మరి ఇప్పుడు 75 వేసుకోవాలా, 50 చాలా?

ల్యాబ్_బాబాయ్:

అది నేను చెప్పకూడదమ్మా. ఈ కాల్షియం సంగతి డాక్టరు గారికి తప్పకుండా చెప్పి అడుగు. ఎందుకంటే డోసు పెంచి, అదే సమయంలో కాల్షియం కూడా విడదీస్తే, లోపలికి వెళ్లే మందు అవసరానికి మించిపోవచ్చు. ఈ వయసులో మోతాదు మించి చాలాకాలం వాడితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది, ఎముకలూ పలచబడతాయి. మోకాళ్ల కోసం కాల్షియం మింగుతూ ఇంకోవైపు ఎముకలు అరగదీసుకోవడం ఎందుకు?

థైరాక్సిన్ మంచినీళ్లతో పరగడుపున. అరగంట నుంచి గంట ఆగి కాఫీ. కాల్షియం మధ్యాహ్నం అన్నం తిన్నాకో, రాత్రి భోజనం తర్వాతో.

నైట్‌డ్యూటీ_వరంగల్:

నేను స్టాఫ్ నర్సుని. బాబాయ్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లూ నిజం. కానీ ఇది చదివినవాళ్లు "టీఎస్‌హెచ్ నార్మల్ ఉంటే అంతా బాగున్నట్టే" అనుకోకూడదు. కేక వేయాల్సిన పిట్యూటరీయే దెబ్బతింటే?

మా వార్డులో ఒకావిడ చేరింది. ఏళ్ల తరబడి నీరసం, బీపీ పడిపోవడం. ఎక్కడ చూపించినా టీఎస్‌హెచ్ నార్మల్ అని పంపేశారట. అడిగితే చెప్పింది, కాన్పులో విపరీతంగా రక్తం పోయిందని, బిడ్డకి పాలు పడలేదని, తర్వాత నెలసరి రాలేదని. అది షీహాన్ సిండ్రోమ్. హెరాల్డ్ షీహాన్ అనే డాక్టరు 1937లో దీన్ని వివరించాడు. గర్భంతో ఉన్నప్పుడు పిట్యూటరీ పెరుగుతుంది. ఆ సమయంలో రక్తం ఒక్కసారిగా పోతే అది దెబ్బతింటుంది. టీఎస్‌హెచ్ ఒక్కటే కాదు, పాలు పట్టించే హార్మోను, నెలసరి నడిపేవి, మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులతో కార్టిసాల్ అనే ప్రాణాధారమైన హార్మోను చేయించేది, అన్నీ అక్కడినుంచే కదా. ఇలాంటివాళ్లకి ముందు కార్టిసాల్ లోటు తీర్చి, ఆ తర్వాతే థైరాక్సిన్ మొదలుపెట్టాలి. తిరగేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

మీ ఇంట్లో ఎవరికైనా కాన్పులో అలా జరిగి ఉంటే, అది ఇరవై ఏళ్ల కిందటిదైనా సరే, డాక్టరుకి చెప్పండి. వాళ్లు అడగకపోయినా చెప్పండి.

సిరి_తెనాలి:

అమ్మకి అలాంటిదేమీ లేదండి. డాక్టరు గారితో ఫోన్లో మాట్లాడాను. కాల్షియం రాత్రికి మార్చి, 50 మీదే ఉంచి, మళ్లీ టెస్టు చేయించమన్నారు. వచ్చే వారమే చేయించెయ్యనా?

ల్యాబ్_బాబాయ్:

వద్దమ్మా, డబ్బు దండగ. రక్తంలో థైరాక్సిన్ సగానికి తగ్గడానికే వారం దాకా పడుతుంది. కొత్త మట్టానికి అది కుదురుకుని, దాన్నిబట్టి పిట్యూటరీ సర్దుకునేసరికి 6 నుంచి 8 వారాలవుతుంది. అప్పుడు ఇదే ల్యాబులో, ఇదే వేళకి ఇవ్వండి. టీఎస్‌హెచ్ తెల్లవారుజామున ఎక్కువగా, మధ్యాహ్నానికి తక్కువగా ఉంటుంది. ఒకసారి పొద్దున, ఒకసారి సాయంత్రం ఇస్తే పోల్చలేం. ఆ రోజు మాత్ర రక్తం ఇచ్చాకే.

ఇంకోటి, జుట్టు రాలుతోందని అమ్మ బయోటిన్ బిళ్లలు ఏమైనా వాడుతోందా? వాడుతుంటే కనీసం 2 రోజుల ముందు ఆపేయాలి. కొన్ని మెషీన్లలో అది టీఎస్‌హెచ్‌ని లేనిపోని తక్కువగా చూపిస్తుంది. శాంపిల్ తీసేటప్పుడు అక్కడున్నవాళ్లకి కూడా ఆ మాట చెప్పండి.